ఇంగ్లీషులో అన్న మాట

రేకు డబ్బా మూత తియ్యగానే నరసింగరావు ముందు వాసన చూశాడు. పాత ఫిల్మయితే పుల్లటి వాసన కొడుతుంది. ఇది కొట్టలేదు. కొత్త ప్రింటు. డబ్బా మీద అంటించిన కాగితంలో సినిమా ఇరవై ఎనిమిది నిమిషాలని, శనివారం సాయంత్రం ఆరింటికి వెయ్యాలని రాసి ఉంది.

బుధవారం మధ్యాహ్నం మూడైంది. పొద్దుటి షిఫ్టు దిగి తిన్నగా కళాసమితి హాలుకే వచ్చాడేమో, చొక్కాకి ఇంకా వార్నిష్ వాసన వదల్లేదు. ఉక్కు ప్లాంటులో కాలిపోయిన మోటార్లకి కొత్తగా రాగితీగ చుట్టే షాపులో అతని ఉద్యోగం. కానీ భిలాయిలో తెలుగువాళ్లకి అతను బొమ్మలేసే నరసింగరావు. కళాసమితి ప్రొజెక్టరు కొన్ననాటి నుంచీ, పదిహేనేళ్లుగా, దాన్ని నడిపేది అతనే. ఇంకొకళ్లు దాని మీద చెయ్యి వేస్తే ఊరుకోడు.

ఈసారి సమితి మూడు రోజుల సినిమా ఉత్సవం పెట్టింది. తక్కినవి ఎలా ఉన్నా, ఆఖరి రోజు వేసే ఈ చిన్న సినిమా కోసమే అతను ఎదురుచూస్తున్నాడు. తీసింది కిరణ్మయి, రిటైరైపోయిన పెద్ద ఆఫీసరు పరబ్రహ్మంగారి కూతురు. ఇక్కడే పుట్టి, ఢిల్లీ వెళ్లి చదువుకుని, డాక్యుమెంటరీలు తీస్తోంది. ఈ సినిమా నూకరత్నం గురించి. నూకరత్నం నాట్యం గురించి.

నూకరత్నానికి అరవై రెండేళ్లు. ఫర్నేసుల్లో ఇటుకలు పేర్చే మేస్త్రీ గురునాథరావు భార్యగా పార్వతీపురం వైపు నుంచి ఈ ఊరొచ్చింది. ఆయన పోయి ఆరేళ్లయింది. క్యాంపు అనే కూలీల బస్తీలో ఆయన కట్టిన రెండు గదుల ఇంటి వరండాలో ఇరవై ఏళ్లుగా పిల్లలకి నాట్యం నేర్పుతోంది. చిన్నప్పుడు కిరణ్మయి ఆవిడని అమ్మమ్మా అని పిలుస్తూ నేర్చుకున్నది అక్కడే. ఇప్పుడు నరసింగరావు కూతురు నీలిమ కూడా అక్కడికే వెళుతోంది.

స్పిరిట్‌లో ముంచిన దూదితో ప్రొజెక్టరులో ఫిల్ము దూరే గేటు తుడిచి, లెన్సు మీద ఊది, ఫిల్ము కొసని పళ్ల చక్రం మీదుగా లాగి, పైన ఒక మెలిక, కింద ఒక మెలిక వదిలి, ఖాళీ స్పూలుకి చుట్టాడు. చేత్తో నాలుగు చుట్లు తిప్పి చూసుకుని స్విచ్చి వేశాడు. తెర మీద నూకరత్నం చేతులొచ్చాయి. మొహం కాదు, ముందు చేతులే. గాజులు రెండేసి. ఒళ్లో ఒక అరచెయ్యి వెల్లకిలా తెరుచుకుంది, రెండోది దాని మీద వాలింది. నరసింగరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఓహో, పిల్ల బాగా తీసింది" అనుకున్నాడు.

పదకొండో నిమిషంలో నూకరత్నం తన ఇంటి వరండాలో కూర్చుని మాట్లాడుతోంది. "మా అమ్మ..." అన్నంతవరకూ ఆవిడ గొంతు వినిపించింది. అంతలో ఆ గొంతు అడుక్కి వెళ్లిపోయింది. దాని మీద ఒక ఆడగొంతు ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టింది. తెర మీద ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

నరసింగరావు మెట్రిక్ చదివాడు. పదిహేనేళ్లుగా ఇంగ్లీషు డాక్యుమెంటరీలు వేసి వేసి, సగం సగం అర్థమవుతుంది. ఒక మాట దగ్గర అతని వీపు కుర్చీని వదిలేసింది. ఫిల్ము వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. మూడోసారి కూడా విన్నాక, డబ్బా అడుగున మడిచి పెట్టిన టైపు కాగితాలు తీశాడు. చదివిన గొంతు మాటలన్నీ అందులో ఉన్నాయి. నాలుగో కాగితం ఒక్కటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి నీలిమని డిక్షనరీ అడిగాడు. అది ఇంగ్లీషు నుంచి హిందీకి.

"కౌన్సా వర్డ్ పాపా? నేను చెప్తాను."

"ఏటీ లేదు. నువ్వు చదువుకో."

కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి వేలు పెట్టి వెతికాడు. ఆ మాట ఎదురుగా హిందీలో "వేశ్యా" అని ఉంది. తనకి తెలియని మాటేం కాదు. ఇంకేదైనా అర్థం ఉంటుందేమో, తనే పొరపడ్డాడేమో అనుకుని చూశాడు. ఇంకో అర్థం లేదు. తక్కిన వాక్యం కూడబలుక్కున్నాడు. వేశ్యల కులంలో పుట్టి, చదువు సంధ్యలు లేని ఈ వృద్ధురాలికి తన నాట్యం అర్థమేమిటో తనకే తెలియదు. నోటికి వచ్చింది అప్పజెబుతుంది. ఆమె దగ్గర మిగిలిన ముక్కల్ని ఏరి, చదువుకున్న స్త్రీలు వాటికి అర్థాన్నీ పవిత్రతనూ తెచ్చారు.

"ఏటయ్యింది? అలగున్నావేటి?" అంది మణిమాల, వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ.

నీలిమ బయటికి వెళ్లిందాకా ఆగి భార్యకి చెప్పాడు. మణిమాల మొహం మాడిపోయింది. అది కిరణ్మయి మీద కోపం అనుకున్నాడు. కాదు.

"మనకి ఇన్నాళ్లూ తెలీలేదు సూడు. ఆవిడ భోగమోళ్లంట. పిల్లని మానిపించీ. రేపు ఈ బొమ్మ నలుగురూ సూస్తే, మీ అమ్మాయికి ఆట నేర్పింది ఎవరని అడగరేటి?"

"నోర్ముయ్" అన్నాడు. కానీ గట్టిగా అనలేదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, భార్య అన్న మాట తనకీ ఒక్క క్షణం తోచిందని గుర్తొచ్చి, కంచం తోసేసి లేచిపోయాడు.

గురువారం షిఫ్టు దిగి, సాయంత్రం మొదటి రోజు ఆటకి ఇంకా టైముండగానే సమితి కార్యదర్శి రామమోహనరావు బంగళాకి సైకిల్ తొక్కాడు. రామమోహనరావు ప్లాంటులో పెద్ద హోదా. తోటలో పైపు పట్టుకుని గులాబీలకి నీళ్లు పడుతున్నాడు.

"సార్, శనివారం బొమ్మలో ఒక ముక్క బాగోలేదు."

"ఏ ముక్క?"

నోటితో చెప్పలేక నరసింగరావు కాగితం తీసి ఇచ్చాడు. రామమోహనరావు పైపు కింద పడేసి, జేబులోంచి కళ్లజోడు తీసి చదివాడు. నీళ్లు నరసింగరావు చెప్పుల మీదికి పారుతున్నాయి.

"ఇందులో తప్పేముందయ్యా? చరిత్ర అది. ఆ అమ్మాయి ఎంతో పరిశోధన చేసి తీసింది."

"ఆవిడ వస్తాది సార్. అందరి మధ్యనీ కూకుని వింటాది."

"వింటే ఏమయింది? ఇంగ్లీషులోనే కదా ఉంది. ఆవిడకేం తెలుస్తుంది?"

నరసింగరావు బంగళా వైపు తల తిప్పాడు. తలుపు తెరిచే ఉంది. లోపల గోడ మీద రామమోహనరావు కూతురి ఫొటో కనిపిస్తోంది. ఉగాదినాడు సమితి స్టేజీ మీద తీసింది. జడ కుప్పెలు, పట్టు పరికిణీ, ఒళ్లో వెల్లకిలా తెరిచిన అరచెయ్యి.

"మీ అమ్మాయిగారు కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నారు కదా సార్."

"అందుకే చెబుతున్నాను. ఇలాంటివి కెలికితే మన ఆడపిల్లల పేర్లే బయటికొస్తాయి. నీ కూతురు పేరు కూడా." కాగితం మడిచి నరసింగరావు జేబులో తనే పెట్టాడు. "రాయపూర్ నించి ముఖ్య అతిథి వస్తున్నాడు. నువ్వు ఆపరేటరువి. బొమ్మ వెయ్యి, చాలు."

సెక్టారు రోడ్డు పొడుగునా నరసింగరావు సైకిల్ ఎవరినో తన్నినట్టు తొక్కాడు. ఆవిడకేం తెలుస్తుంది. చెయిన్ రెండుసార్లు ఊడింది. రెండోసారి నూనె చేతులతో రోడ్డు పక్కన నిలబడి, ఎవరూ లేకుండా చూసుకుని, గట్టిగా ఒక బూతు తిట్టాడు. అయినా ఏమీ తగ్గలేదు.

శుక్రవారం నూకరత్నానికి అంతా చెప్పెయ్యాలనే క్యాంపుకి వెళ్లాడు.

ఆవిడ వరండాలో చాప మీద కూర్చుని పిల్లల గజ్జెలు మళ్లీ గుచ్చుతోంది. తాడుకి మైనం రాసి, ఒక్కో గజ్జె చెవి దగ్గర ఆడించి, మూగవాటిని పక్కన పడేస్తోంది. పలికేవాటిని తాడుకెక్కించి, రెండేసి ముళ్లు వేసి, ముడిని పళ్లతో బిగిస్తోంది. స్టవ్వు మీది టీ దింపుకొచ్చి అతనికి గాజుగ్లాసు ఇచ్చి మళ్లీ పనిలో పడింది.

"బొమ్మ ముందే చూసేవట కదా తమ్ముడూ. ఎలగున్నాది?"

"బాగున్నాది అప్పా."

"మొహం మరీ ముడతలు పడి కనిపిస్తన్నాదేటి?"

"లేదప్పా. చేతులు... చేతులు బాగా తీసింది."

ఆవిడ సంతోషంగా నవ్వింది. "మరి నా మాటలు ఉంచిందా? నాలుగు గంటలు మాటాడించింది ఆ పిల్ల. గొంతు పోయిందనుకో. మా అమ్మ గురించీ, అమ్మమ్మ గురించీ ఎప్పుడూ ఎవళ్లకీ చెప్పనివి చెప్పేను. ఎవళ్లూ అడగలేదు కూడాను."

నరసింగరావు గ్లాసులోకి చూశాడు. "ఉంచేరప్పా" అన్నాడు.

ఆ అబద్ధం చెప్పాక ఇంక నిజం చెప్పడానికి దారి లేకపోయింది. "శనివారం జనం ఎక్కువొస్తారు. కుర్చీలు కూడా చాలవు. నువ్వు తర్వాత రా. తీరిగ్గా నీ ఒక్కదానికీ వేస్తాను" అన్నాడు.

"బాగుందిరా! నా పెళ్లికి నన్నే రావద్దన్నట్టుంది." పక్కన గూట్లోంచి ఆహ్వానం కార్డు తీసి చూపించింది. "స్వయంగా వచ్చి ఇచ్చింది. కాళ్లకి దండం పెట్టి మరీ ఇచ్చింది. రాకపోతే ఆ పిల్ల బాధపడదూ?"

నరసింగరావు టీ సగంలో పెట్టేసి లేచాడు. గేటు దాటేలోపే ఒక ఉపాయం తోచింది. వాల్యూం మీట తన చేతిలోనే ఉంటుంది. ఆ ముక్క నలభై సెకన్లు. స్పీకరు తీగ వదులైందంటే నమ్మనివాళ్లు ఎవరు?

శనివారం ఐదున్నరకే హాలు నిండింది. ముందు రెండు వరసలు సోఫాలు, ఆఫీసర్లకి. తర్వాత మెత్త కుర్చీలు, ఇంజనీర్ల కుటుంబాలకి. వెనక ఇనప కుర్చీలు. ప్రొజెక్టరు బల్ల ఆఖరి వరస పక్కనే, నడవలో ఉంది.

నూకరత్నం గంజి పెట్టిన గోధుమరంగు నేత చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర బ్యాడ్జీ పెట్టుకున్న సమితి మనిషి కార్డు చూసి, "పీఛే బైఠియే మాజీ" అంటూ ఆఖరి వరసలోకి చెయ్యి చూపించాడు. ఆవిడేమీ అనకుండా వచ్చి ప్రొజెక్టరు పక్క కుర్చీలో కూర్చుంది. "మంచిదే అయ్యింది. నీ పక్కనే ఉన్నాను" అంది నరసింగరావుతో.

అతను వాల్యూం మీటని ఒకసారి ముట్టుకుని చూసుకున్నాడు.

స్టేజీ మీద ముఖ్య అతిథికి పూలదండ వేశారు. రామమోహనరావు తెలుగు సంస్కృతి గురించి ఇంగ్లీషులో మాట్లాడాడు. కిరణ్మయి చేనేత చీరలో, కళ్లజోడు పైకి తోసుకుంటూ, అందరికీ కృతజ్ఞతలు చెప్పింది. ఎవరెవరి పేర్లో చదివింది. ఆఖర్న, "ఈ నాట్యాన్ని ఇంకా గుర్తుపెట్టుకున్న మా అమ్మమ్మగారు కూడా హాల్లో ఎక్కడో ఉన్నారు" అని వెనక్కి చెయ్యూపింది. నూకరత్నం లేవబోయింది. అప్పటికే దీపాలు ఆర్పేశారు.

బొమ్మ మొదలైంది. చేతులు. గాజులు. వెల్లకిలా తెరుచుకున్న అరచెయ్యి. వెనక వరసల్లో ఆడవాళ్లు "మన రత్నమ్మే, మన రత్నమ్మే" అంటున్నారు. నూకరత్నం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా ముందుకి వంగి చూస్తోంది. నరసింగరావు తెర చూడడం లేదు. తిరుగుతున్న స్పూలు మందం చూస్తున్నాడు. దాన్ని బట్టి అతనికి నిమిషాలు తెలుస్తాయి.

"మా అమ్మ..." అంది తెర మీది నూకరత్నం. అతను మీట సున్నాకి తిప్పేశాడు.

హాలంతా ప్రొజెక్టరు కిరకిర తప్ప ఇంకో చప్పుడు లేదు. ముందు సోఫాల్లోంచి "సౌండ్! సౌండ్!" అన్నారు. నరసింగరావు వంగి తీగలు వెతుకుతున్నట్టు నటించాడు. లోపల లెక్కపెట్టుకుంటున్నాడు. పది. పదకొండు. పన్నెండు.

ఒక చెయ్యి వచ్చి అతని మణికట్టు మీద పడింది.

"పెట్టు" అంది నూకరత్నం.

"తీగ వదులైందప్పా."

"తీగ కాదు. నువ్వే తిప్పేవు, చూసేను. పదిహేనేళ్లుగా చూస్తన్నాను నీ చెయ్యి. నా నోరు కదుల్తన్నాది అక్కడ. ఏటంటన్నానో నేను వినొద్దా?"

"వద్దప్పా. నామాట విను."

"పెట్టు!"

ఆ గొంతుకి ముందు రెండు వరసలు కూడా వెనక్కి తిరిగాయి. నరసింగరావు మీట తిప్పాడు. ఇంగ్లీషు హాలంతా నిండింది. నూకరత్నం నిలబడే వింది. తన పెదాలు తెర మీద కదులుతున్నాయి, వాటిలోంచి ఇంకెవరిదో గొంతు వస్తోంది. ముందు వరసల్లో ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. ఒకావిడ కొంగుతో నవ్వు దాచుకుంది. ఆ నవ్వు నూకరత్నం చూసింది.

"ఆపు" అంది.

నరసింగరావు ఆపాడు. బల్బు ఆర్పకుండా ఫిల్ము ఆపితే కాలిపోతుంది. ఆ కంగారులోనూ అతను ఆ వరస తప్పలేదు. ఎవరో దీపాలు వేశారు.

"క్యా హువా?" అన్నాడు ముఖ్య అతిథి.

"టెక్నికల్ ఫాల్ట్ సర్, ఏక్ మినట్" అంటూ రామమోహనరావు లేచి వెనక్కి గబగబా వచ్చాడు. నూకరత్నం ఆయనకేసి చూడనే లేదు. నడవలో నాలుగడుగులు వేసి, ఇంజనీర్ల కుర్చీల మధ్య నిలబడింది.

"అమ్మా కిరణ్మయీ. నా నోట్లో ఏటి పెట్టేవమ్మా? ఇంగ్లీషు నాకు రాదు. తెలుగులో చెప్పు."

కిరణ్మయి స్టేజీ మెట్ల దగ్గర నిలబడిపోయింది. "అమ్మమ్మగారూ... అది మీరు చెప్పిందాని సారాంశం... బ్యాక్‌గ్రౌండ్..."

"సారాంశమే చెప్పు. తెలుగులో."

కిరణ్మయి నోరు తెరిచింది. మూసింది. కళ్లజోడు తీసింది. మూడు వందలమంది ఆ మాట కోసం చూస్తున్నారు. ఢిల్లీలో గాజు తలుపుల గదిలో మైకు ముందు ఎవరో హాయిగా చదివేసిన మాట అది. ఆ అమ్మాయి నాలుక మీదికి రావడం లేదు.

"అది నేను రాయలేదు అమ్మమ్మా. స్క్రిప్టు వేరేవాళ్లు..."

"బొమ్మ మీద పేరెవళ్లది?"

"నాదే."

నూకరత్నం వెనక్కి తిరిగింది. "నరసింగూ. నీకు తెలుసు. తెలిసే ఆపేవు. నువ్వు చెప్పు."

"వద్దయ్యా, తమాషా చెయ్యకండి" అన్నాడు రామమోహనరావు, పళ్ల సందునుంచి. "లైట్లు ఆర్పించి బొమ్మ వెయ్యి. ఇది నా ఆర్డరు."

నరసింగరావు జేబులోంచి నాలుగో కాగితం తీశాడు. మడతలు విప్పుతుంటే అది చిరిగింది. అతని భార్యా, కూతురూ ఎడమ పక్క ఇనప కుర్చీల్లో ఉన్నారు. అటు చూడలేదు.

"వేశ్యల ఇంట పుట్టేవని అన్నారప్పా."

హాలు గుసగుసలాడింది. నూకరత్నం మొహంలో ఏమీ మారలేదు.

"భోగంవాళ్ల ఇంట పుట్టేనని నేనే చెప్పేను. కెమెరా ముందు, నా నోటితోనే. మా అమ్మ పేరు చెప్పేను, అమ్మమ్మ పేరు చెప్పేను. ఎవళ్ల దగ్గర ఏ పదం నేర్చుకున్నానో చెప్పేను. ఆ పేర్లున్నాయా అందులో?"

"లేవప్పా."

"పేర్లు తీసీసి కులం ఉంచేరు. సరే. తర్వాత?"

నరసింగరావు ఆగాడు. అసలు మాట చెప్పేశాను, ఇంక మిగిలింది చిన్నదేగా అనుకున్నాడు. "నీకు చదువు లేదని. నీ నాట్యం అర్థం నీకే తెలీదని. నోటికొచ్చింది అప్పజెప్తావని. చదువుకున్నవాళ్లు దానికి అర్థం తెచ్చేరని."

అప్పుడు మారింది ఆవిడ మొహం. అలాంటి మొహం నరసింగరావు ఎన్నడూ చూడలేదు. రక్తమంతా కిందికి దిగిపోయి, కళ్లు మాత్రం మిగిలాయి. చేత్తో పక్క కుర్చీ వీపు పట్టుకుంది. ఆ కుర్చీలో కూర్చున్న ఇంజనీరు లేచి నిలబడ్డాడు.

"నాకు అర్థం తెలీదా?"

స్టేజీ వైపు తిరిగింది.

"పదకొండేళ్లప్పుడు వచ్చేవు నా దగ్గరికి" అంది కిరణ్మయితో. గొంతు పెంచలేదు. "'ఇంకా రాలేదు' అన్న ఒక్క మాటకి నెల్లాళ్లు చెయ్యి తిప్పించేను నీ చేత. మొగుడు రాలేదు, ఉత్తరం రాలేదు, పక్కింటిదాన్ని పంపితే అదీ రాలేదు. షిఫ్టు కూత అయిపోయి గంటైనా ఫర్నేసు దగ్గర్నించి మనిషి రాలేదు. అది మా అమ్మ చెప్పింది కాదు, ఈ ఊర్లో గుమ్మంలో నిల్చుని నేను కట్టుకున్నది. ఏ చూపుకి ఏ అర్థమో నీకు చెప్పింది ఎవళ్లు? చదువుకున్న ఆడవాళ్లా?"

కిరణ్మయి తల దించుకుంది.

"నాలుగు గంటలు కూర్చోబెట్టేవు. మీ అమ్మనెవరు ఉంచుకున్నారు అన్నావు. నీకు గజ్జె కట్టినప్పుడు ఎన్నేళ్లు అన్నావు. గుళ్లో ఏం చేసేవారు అన్నావు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఈ చేతికి అర్థం ఏటి అని అడిగేవా? అడక్కుండా, తెలీదని రాసీసేవు."

వెనక ఇనప కుర్చీల్లోంచి ఒక ముసలావిడ "అదీ మాట" అంది. ముందు సోఫాల్లో ఎవరో వాచీ చూసుకున్నారు. నూకరత్నం వెళ్లిపోతుందనుకున్నారు అందరూ. రామమోహనరావు అయితే ఆవిడకి దారి ఇవ్వడానికి పక్కకి కూడా జరిగాడు. ఆవిడ వచ్చి తన కుర్చీలోనే కూర్చుంది. కొంగు సర్దుకుంది.

"వెయ్యి. సౌండు తగ్గించకు. నా బొమ్మ, నేను చివరాఖరికంటా చూస్తాను."

తక్కిన పదిహేడు నిమిషాలూ హాల్లో ఎవరూ దగ్గలేదు. ఇంగ్లీషు గొంతు హాయిగా చదువుకుపోతోంది. ప్రతి మాటకీ ముందు వరసల్లో మెడలు బిగుసుకుంటున్నాయి. నూకరత్నం రెప్ప వెయ్యకుండా చూసింది. ఆఖర్న పేర్లు పడ్డాయి. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక, జనం కుర్చీలు చప్పుడు చేసుకుంటూ లేచారు.

నరసింగరావు ఫిల్ము వెనక్కి చుడుతుంటే ఆవిడ ఇంకా అక్కడే ఉంది.

"ఇది ఎప్పుడు విన్నావు నువ్వు?"

"బుధవారం."

"నిన్న శుక్రవారం. నా వరండాలో కూకుని టీ తాగేవు. నా మాటలుంచేరా అంటే ఉంచేరన్నావు."

"చెప్పలేకపోయేనప్పా. నువ్వు సిగ్గుతో చచ్చిపోతావని..."

"నాకు సిగ్గని నీకెవళ్లు చెప్పేరు?"

అతని చెయ్యి స్పూలు మీద ఆగిపోయింది.

"సిగ్గుపడింది నువ్వు. నీ పిల్ల నా దగ్గరకొస్తాదని. వాళ్లు నా మీద ఇంగ్లీషు కప్పేరు, నువ్వేమో ఆ సౌండు కూడా తీసీసేవు. నా నోరు మూయడానికి ఎంతమందిరా!"

నరసింగరావు మళ్లీ స్పూలు తిప్పాడు. మణిమాల అన్న మాటా, తను గట్టిగా కసరని సంగతీ గుర్తొచ్చాయి. ఆవిడ హాలు దాటి, మెట్లు దిగి, చెప్పులు వెతుక్కుంటూండడం కిటికీలోంచి కనిపించింది. అతను వెళ్లి సాయం చెయ్యలేదు.

ఆదివారం పొద్దున్నే సమితి నుంచి మనిషి వచ్చి ప్రొజెక్టరు బీరువా తాళంచెవి అడిగాడు. నరసింగరావు ఇచ్చేశాడు. ఇచ్చాక, లెన్సు తుడిచే దూది తన సంచిలోనే ఉండిపోయిందని గుర్తొచ్చింది. పిలిచి అదీ ఇచ్చేశాడు.

సోమవారం షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి నీలిమ లేదు.

"ఎల్లింది" అంది మణిమాల, మొహం అటు తిప్పుకుని. "మాన్పిస్తానన్నాను. 'మమ్మీ, నువ్వు చెప్పు, ఎందుకు' అంది. ఏటి చెప్పాల? ఆ మాట నా నోటికీ రాలేదు."

నరసింగరావు బట్టలు మార్చుకోకుండానే క్యాంపుకి బయల్దేరాడు. క్షమించమని అడగాలనుకున్నాడు. దారి పొడుగునా వాక్యాలు కట్టుకున్నాడు. నూకరత్నం ఇంటి గుమ్మం దగ్గర ఎప్పుడూ పద్నాలుగు జతల చెప్పులుండేవి. ఇవాళ ఐదున్నాయి. ఒక జత నీలిమది.

ఆవిడ పీట మీద కూర్చుని ఉంది. అతన్ని చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. అతను వరండా మెట్టు మీద ఒక చివర కూర్చున్నాడు. కట్టుకొచ్చిన వాక్యాలు ఒక్కటీ పనికిరావని, ఆ మొహం చూడగానే తెలిసిపోయింది.

ఆవిడ పాఠం ఎప్పటిలా లేదు. పిల్లలు చెయ్యి ఎత్తగానే ఆపేస్తోంది.

"ఎందుకెత్తేవు ఆ చెయ్యి?"

"మీరు చెప్పారు కదా దాదీ..." అంది ఒక పిల్ల.

"నేను చెప్పేనని కాదు. అర్థం ఏటి? అర్థం చెప్పి, అప్పుడెత్తు. తెలుగు రాకపోతే హిందీలో చెప్పు. ఏ భాషైనా సరే. నోటితో చెప్పకుండా ఇంక ఈ వరండాలో వేలు కదపడానికి వీల్లేదు."

నీలిమ వంతు వచ్చింది. అరచెయ్యి వెల్లకిలా ఒళ్లో పెట్టి, చూపు గుమ్మం వైపు తిప్పి, "ఇంకా రాలేదు" అంది నెమ్మదిగా. "ఘంటా భర్ హో గయా, సైరన్ మోగి. ఫర్నేస్‌లో ఏదో అయింది. ఎవరూ చెప్పట్లేదు."

నూకరత్నం పీట మీంచి ముందుకి వంగింది. "చూపు ఇంకా కిందికి. గుమ్మం కాదు, రోడ్డు మలుపు చూడు" అంది.

ఆ మలుపు వైపు చూసిన నీలిమ కళ్లు అక్కడే ఆగిపోయాయి. నరసింగరావు వెనక్కి తిరిగాడు. గేటు అవతల కిరణ్మయి నిలబడి ఉంది. కెమెరా లేదు, కాగితాలు లేవు. గేటు గడియ మీద చెయ్యి వేసి, తియ్యాలో వద్దో తెలియక అలాగే ఉంది.

పిల్లలంతా నూకరత్నం మొహంకేసి చూశారు. ఆవిడ గేటు వైపు ఒక్కసారి చూసి, చూపు వెనక్కి తెచ్చుకుంది. లోపలికి రమ్మనలేదు. పీట మీద కాళ్లు సర్దుకుని, తాళం వేసే కర్ర చేతిలోకి తీసుకుంది.

"మళ్లీ మొదట్నించి. అర్థం చెప్పండి" అంది. "గట్టిగా చెప్పాల. గేటు దాకా వినిపించాల."